మధురవాడ–తాటిచెట్లపాలెం డబుల్ డెక్కర్: రద్దీ తీరుతుందా, చోటు మారుతుందా?

కంబాలకొండ

విశాఖ మెట్రో మొదటి దశ ప్రతిపాదన 46.23 కిలోమీటర్లు. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.40, గురుద్వార నుంచి పాత పోస్టాఫీసు దాకా 5.08, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు దాకా 6.75. ఇందులో జాతీయ రహదారి మీద రెండు చోట్ల డబుల్ డెక్కర్ కట్టాలన్నది ఆలోచన. మధురవాడ–తాటిచెట్లపాలెం మధ్య సుమారు 15 కి.మీ., గాజువాక–స్టీల్‌ప్లాంట్ మధ్య సుమారు 4 కి.మీ. నేల మీద ఇప్పుడున్న రోడ్డు, దాని పైన నాలుగు లేన్ల ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో.

మెట్రో కావాలా వద్దా అన్న చర్చ ఈ ఫోరంలో వద్దు. అడిగేది ఆ మధ్య అంతస్తు గురించే. దానివల్ల హనుమంతవాక, మద్దిలపాలెం, గురుద్వార దగ్గర రద్దీ నిజంగా తగ్గుతుందా? అవునన్నా కాదన్నా లెక్కతో చెప్పండి. ఏ పార్టీ హయాంలో ఏం జరిగిందన్న పోస్టులు తీసేస్తాను.

ఎర్రమట్టి

అవసరమే. ముందు భూమిని చూడండి. తూర్పున సముద్రం, పడమర సింహాచలం కొండలు, మధ్యలో కైలాసగిరి, దక్షిణాన పోర్టు, నేవీ, ఎయిర్‌పోర్టు. ఉత్తరం నుంచి నగరంలోకి రావడానికి ఉన్నవి మూడే దారులు: జాతీయ రహదారి, బీచ్‌రోడ్డు, అడవివరం–సింహాచలం రోడ్డు. హైదరాబాద్‌లాగా చుట్టూ రింగులు వేసుకునే వీలు ఇక్కడ లేదు. బీచ్‌రోడ్డుకు తీర నియంత్రణ నిబంధనలు అడ్డు, మూడోదానికి కొండ అడ్డు. పక్కకు పెరగలేని దారి పైకే పెరగాలి.

ఇక లెక్క. భారత రహదారుల కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 106 ప్రకారం ఆరు లేన్ల డివైడర్ రోడ్డు, పక్కనుంచి అడ్డంకులు లేకపోతే, రెండు వైపులా కలిపి గంటకు 5400 పీసీయూ మోయగలదు (కారును ఒకటిగా లెక్కించే కొలత పీసీయూ). అంటే ఒక వైపుకు 2700. అదే రోడ్డు మీద సిగ్నల్ పెడితే ఏమవుతుందో చూడండి. పచ్చదీపం వెలిగినంతసేపూ వదిలే ప్రవాహం మీటరు వెడల్పుకు గంటకు 525 పీసీయూ. మూడు లేన్లు 10.5 మీటర్లు కాబట్టి సుమారు 5500. కానీ నాలుగు రోడ్ల కూడలిలో నేరుగా వెళ్లేవాళ్లకు దక్కే పచ్చదీపం మొత్తం సమయంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. 35 శాతం అనుకుంటే 1930. అంటే 2700 మోయాల్సిన రోడ్డు కూడలి దగ్గర 1930కి పడిపోయింది. మిగిలిన 770 ఆగి, క్యూ వెనక్కి పెరిగి, ముందటి కూడలిని మూసేస్తుంది. ఎండాడ నుంచి తాటిచెట్లపాలెం దాకా ఇలాంటి కూడళ్లు వరసగా ఉన్నాయి.

డెక్ మీద, అంటే ఆ మధ్య అంతస్తు ఫ్లైఓవర్ మీద, సిగ్నల్ ఉండదు. పైగా మెట్రోకు ఎలాగూ స్తంభాలు వేస్తారు. పైల్స్, పైల్ క్యాప్, స్తంభం ఒక్కసారి వేసి రెండు పనులకు వాడుకోవచ్చు. నాగపూర్ వార్ధా రోడ్డు మీద 3.14 కిలోమీటర్లు ఇలాగే కట్టారు. బెంగళూరులో రాగిగుడ్డ–సిల్క్‌బోర్డు మధ్య 2024లో తెరిచారు. ఇప్పుడు వదిలేస్తే, మెట్రో పైన నడుస్తుండగా కింద డెక్ దూర్చడం దాదాపు అసాధ్యం.

జాలారిపేట

ఎర్రమట్టి గారూ, మీ 1930 లెక్క సరైనదే. నా వాదనకు కూడా అదే ఆధారం.

ఒక దిశలో రెండు లేన్ల డెక్, మీరు చెప్పిన ప్రమాణం ప్రకారమే, గంటకు 1800 పీసీయూ తెస్తుంది. పూర్తిగా నిండితే 2500 దాకా తెస్తుంది. ఆ డెక్ తాటిచెట్లపాలెంలో నేలకు దిగుతుంది. దిగాక మొదటి సిగ్నల్ దగ్గర రోడ్డు వదలగలిగేది ఆ 1930. అందులోనే కింద రోడ్డున వచ్చినవాళ్లూ పోవాలి. అంటే పైనుంచి వచ్చే ప్రవాహం ఒక్కటే ఆ కూడలిని నింపేస్తుంది. క్యూ ర్యాంపు ఎక్కి డెక్ మీదికి పాకుతుంది. డెక్ మీద ఇరుక్కున్నవాడికి పక్కసందు ఉండదు, యూటర్న్ ఉండదు, అంబులెన్సుకు దారి ఇవ్వడానికి కూడా చోటుండదు.

పైగా మూడో మెట్రో కారిడార్ మొదలయ్యేదీ తాటిచెట్లపాలెంలోనే. మెట్రో దిగి రైలెక్కే జనం, వాళ్లకోసం ఆగే ఆటోలు, బస్సులు, డెక్ దిగే కార్లు అన్నీ ఒక్క చోటికే చేరతాయి. ఒక పటం గీసినవాళ్లు రెండో పటం చూసుకోలేదేమో అనిపిస్తుంది.

రెండోది, నేరుగా వెళ్లేవాళ్లు ఎంతమంది? అనకాపల్లి–సబ్బవరం–పెందుర్తి–ఆనందపురం ఆరు లేన్ల రోడ్డు వచ్చాక కోల్‌కతా–చెన్నై లారీలకు నగరంలోకి రావాల్సిన పని లేదు. మిగిలినవి ఊళ్లోవాళ్ల ప్రయాణాలు. మధురవాడ నుంచి బయల్దేరినవాళ్లలో ఎక్కువమంది చేరాల్సింది సిరిపురం, ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ, కేజీహెచ్ ఆసుపత్రి. వాళ్లంతా మద్దిలపాలెం, సత్యం, గురుద్వార దగ్గర ఎడమకు తిరగాల్సినవాళ్లే. వాళ్లకు డెక్ పనికి రావాలంటే మధ్యలో ర్యాంపులు ఉండాలి.

ర్యాంపు ఎంత చోటు తింటుందో చెబుతాను. కింద 5.5 మీటర్ల ఖాళీ, గర్డర్ (దూలం) లోతు రెండు, రెండున్నర మీటర్లు. అంటే డెక్ ఎత్తు దాదాపు 8 మీటర్లు. 30కి 1 వాలుతో దిగితే 240 మీటర్లు. పైనా కిందా వంపులు కలిపితే 280 నుంచి 300. దిగాక వాహనాలు లేన్ మారి ఎడమకు చేరడానికి కనీసం ఇంకో 150 మీటర్లు కావాలి. వెంకోజీపాలెం, ఇసుకతోట, మద్దిలపాలెం, సత్యం, గురుద్వార కూడళ్ల మధ్య దూరం కిలోమీటరుకు అటూ ఇటూ. ఎక్కే ర్యాంపు, దిగే ర్యాంపు రెండూ పెడితే మధ్యలో కింద రోడ్డుకు మిగిలేది చాలా తక్కువ. పెట్టకపోతే డెక్ ఎక్కేవాళ్లు ఉండరు.

ఫుట్‌బోర్డు

ఇద్దరూ వాహనాలనే లెక్కపెడుతున్నారు. మనుషుల్ని లెక్కపెట్టండి. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం మొదటి మాటే అది.

3.5 మీటర్ల ఒక లేన్ తీసుకుందాం. అదే 35 శాతం పచ్చదీపంతో గంటకు 640 పీసీయూ వెళ్తుంది. అన్నీ కార్లై, కారుకు ఒకటిన్నర మంది అనుకుంటే 960 మంది. అన్నీ బైకులై, బైకును అర పీసీయూగా, మనిషిన్నర చొప్పున లెక్కేస్తే 1900 మంది. అదే లేన్‌లో నిమిషానికో బస్సు చొప్పున 60 బస్సులు, బస్సుకు 60 మంది వేసుకుంటే 3600. దీనికి కాంక్రీటు అక్కర్లేదు. బస్సులు కావాలి, లేన్‌ను కాపాడే మనిషి కావాలి.

ఎర్రమట్టి

ఫుట్‌బోర్డు గారూ, ఆ ప్రయోగం ఈ ఊళ్లో చేశాం కదా. బీఆర్‌టీఎస్ (బస్సులకు ప్రత్యేక లేన్ల పథకం) ఏమైంది?

ఫుట్‌బోర్డు

ఏమైందో వివరంగా చెప్పుకుంటేనే మంచిది. ఎందుకంటే దాని పేరు చెప్పే ప్రతిసారీ బస్సు లేన్ మాటను కొట్టేస్తున్నారు.

కేంద్ర పట్టణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద రెండు కారిడార్లు తీసుకున్నారు. ఒకటి ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా పెందుర్తికి, రెండోది హనుమంతవాక, అడవివరం, సింహాచలం మీదుగా పెందుర్తికి. రెండోదానిలో అడవివరం–గోశాల మధ్య ముక్క దేవస్థానం భూముల చిక్కుతో ఏళ్ల తరబడి ఆగిపోయింది. మధ్యలో తెగిన కారిడార్ మీద చివరిదాకా బస్సు నడపలేం. ఇది మొదటి దెబ్బ.

రెండోది, లేన్ గీశారు గానీ ఆ లేన్‌కు తగినన్ని బస్సులు పెట్టలేదు. పది నిమిషాలకో బస్సు వచ్చే లేన్ పక్కవాడి కంటికి ఖాళీగా కనిపిస్తుంది. ఇరుక్కున్నవాడు అందులోకి దూరతాడు. అతణ్ని తప్పు పట్టి లాభం లేదు. గంటకు కనీసం 30 బస్సులు, అంటే రెండు నిమిషాలకొకటి, నడిపే స్తోమత ఉన్న చోటే ప్రత్యేక లేన్ వేయాలి. అంతకు తక్కువైతే కూడలి దగ్గర వంద మీటర్లు మాత్రమే బస్సుకు ప్రత్యేకించి, ముందుగా దాటించే ఏర్పాటు చాలు.

మూడోది తలుపులు. రోడ్డు మధ్యలో ఒకే స్టేషన్ పెడితే బస్సుకు కుడివైపు తలుపు ఉండాలి. అహ్మదాబాద్‌లో 2009లో మొదలుపెట్టినప్పుడే కుడి తలుపులున్న బస్సులు, వాటి నేలకు సరిపోయే ఎత్తు ప్లాట్‌ఫారాలు కలిపి కొన్నారు. రోడ్డు, బస్సు, స్టేషన్, టికెట్ అన్నీ ఒకే సంస్థ చేతిలో పెట్టారు. ఢిల్లీలో 2008లో తెరిచిన కారిడార్‌ను 2016లో పీకేశారు. అక్కడ మామూలు బస్సులు, ఎవరి బస్సులు వాళ్లవి, కూడలికి ముందే స్టాపు. ఒక బస్సు జనాన్ని ఎక్కించుకుంటుంటే వెనక నాలుగు బస్సులు పచ్చదీపం పోగొట్టుకునేవి.

ఇక్కడ ఇంకో సంగతి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి మొదలైనప్పటి నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. ఎక్కేవాళ్లు పెరిగితే స్టాపులో బస్సు ఆగే సమయం పెరుగుతుంది. ఒక్కో తలుపు దగ్గర మనిషికి రెండు మూడు సెకన్లు. ఇరవై మంది ఎక్కితే నిమిషం. ఆ నిమిషం బస్సు ఎక్కడ నిలబడిందన్నదే కూడలిని ఆడిస్తుంది. స్టాపు కూడలి దాటాక ఉండాలి, అదీ రెండు బస్సులు ఒకేసారి నిలబడేంత పొడవుతో. కూడలికి ముందు ఉంటే ఎడమ లేన్ మొత్తం పోయినట్టే. లోపలికి తవ్విన బస్ బే కూడా సిటీ రోడ్డుకు మందు కాదు. ఆటోలు అందులో పాగా వేస్తాయి. లోపలికి వెళ్లిన బస్సుకు తిరిగి రోడ్డెక్కడానికి ఎవరూ దారి ఇవ్వరు. అందుకే డ్రైవరు రెండో లేన్‌లోనే ఆపుతాడు.

ఆకుపచ్చ దీపం

డెక్ వచ్చినా రాకపోయినా కింద సిగ్నళ్లు ఉంటాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

సిగ్నల్ ఒక చుట్టు నిడివికి వెబ్‌స్టర్ సూత్రం ఇది: నష్ట సమయాన్ని ఒకటిన్నరతో హెచ్చించి, అయిదు కలిపి, దాన్ని (1 − Y)తో భాగించాలి. నష్ట సమయం అంటే రంగు మారే ప్రతిసారీ ఎవరూ కదలని క్షణాలు, వంతుకు (ఒక్కో దారికి పచ్చదీపం వచ్చే విడతకు) 4 సెకన్ల చొప్పున. Y అంటే ఒక్కో వంతులో వచ్చే ప్రవాహాన్ని ఆ దారి వదలగల ప్రవాహంతో భాగించి, అన్ని వంతులూ కూడితే వచ్చేది.

నాలుగు వంతుల కూడలి, Y 0.85 అనుకోండి. నష్టం 16 సెకన్లు. 29ని 0.15తో భాగిస్తే 193 సెకన్లు. అంటే ఒకసారి ఎర్రదీపం పడితే రెండున్నర నిమిషాలు ఆగాలి. అంతసేపు ఆగాల్సి వస్తే జనం జీబ్రా గీత దాటి ముందుకొచ్చి నిలబడతారు, పాదచారులు సందు దొరికిన చోట పరిగెడతారు, చివరికి ట్రాఫిక్ పోలీసు సిగ్నల్ ఆపేసి చేత్తో నడుపుతాడు. చేత్తో నడిపితే ఒక వైపు ఖాళీ అయ్యేదాకా వదులుతారు, దాంతో పక్క కూడలి నిండుతుంది.

అదే కూడలిలో కుడి మలుపులు తీసేసి ముందున్న యూటర్న్‌కు పంపితే రెండే వంతులు. నష్టం 8, Y 0.65 అనుకుంటే 17ను 0.35తో భాగించాలి, 49 సెకన్లు. పాదచారులకు సమయం కలిపినా 60, 70 సెకన్లలో చుట్టు పూర్తవుతుంది. 10.5 మీటర్ల రోడ్డు సెకనుకు 1.2 మీటర్ల నడకతో దాటడానికి 9 సెకన్లు చాలు, మధ్యలో డివైడర్ మీద నిలబడే చోటు ఉంటే. వృద్ధులు నడిచే దారిలో 12 ఇవ్వండి.

ఇది చేసే చోట తప్పయ్యేది యూటర్న్ దగ్గరే. పన్నెండు మీటర్ల బస్సు తిరగాలంటే అటూ ఇటూ కలిపి దాదాపు 24 మీటర్ల వెడల్పు కావాలి. తన లేన్ 3.5, డివైడర్ 3, ఎదుటి మూడు లేన్లు 10.5. మొత్తం 17. మిగిలిన ఏడు మీటర్లు ఎదుటి వైపు అంచును వెనక్కి జరిపి తేవాలి. తేకపోతే బస్సు రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడి మొత్తం రోడ్డు ఆపుతుంది. ఇక యూటర్న్ మరీ దూరం పెడితే బైకులు, ఆటోలు రాంగ్‌రూట్లో వస్తాయి. కూడలికి 150 నుంచి 200 మీటర్లలో ఉంటే చాలామంది తిరిగి వస్తారు. 500 మీటర్లు పెడితే ఏ ఫైనూ ఆపలేదు.

లంగరు

గాజువాక 4 కిలోమీటర్ల ముక్కను ఎవరూ పట్టించుకోవడం లేదు. అక్కడి జబ్బు వేరు, మందు వేరు.

మద్దిలపాలెంలో ఆగేది కార్లు, బైకులు. గాజువాకలో వాటికి తోడు పోర్టు ట్రెయిలర్లు, స్టీల్‌ప్లాంట్ బస్సులు, పరవాడ ఫార్మాసిటీ బస్సులు. ఐఆర్‌సీ 106లో లారీ పది శాతం దాటితే ఒక్కోదాన్ని 3.7 కార్లుగా లెక్కించమంటుంది. అందుకే వంద ట్రెయిలర్లను తప్పిస్తే 370 కార్లను తప్పించినట్టు. షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా పోర్టు రోడ్డు ఉంది. దాని పై కొస అనకాపల్లి–ఆనందపురం బైపాస్‌కు, అంటే షీలానగర్ నుంచి సబ్బవరానికి, నేరుగా కలిస్తే ట్రెయిలర్ గాజువాకలోకి రావాల్సిన అవసరమే ఉండదు. నా దృష్టిలో మొత్తం విశాఖకు ఎక్కువ మేలు చేసే ఒక్క రోడ్డు అది. డెక్ కన్నా ముందు రావాల్సింది అదే.

ఇంకోటి, స్టీల్‌ప్లాంట్ షిఫ్టులు ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. అవి బడి సమయానికి తగలవు. జనరల్ షిఫ్టులు, ఫార్మా బస్సులు, బడి ఆటోలు మాత్రం ఎనిమిది, తొమ్మిది మధ్య ఒకేసారి రోడ్డెక్కుతాయి. ముప్పై నిమిషాలు అటూ ఇటూ జరిపితే ఖర్చు లేకుండా రద్దీ శిఖరం తగ్గుతుంది. ఇందుకు కలెక్టరు స్థాయిలో ఒక సమావేశం చాలు.

ఎర్రమట్టి

షీలానగర్–సబ్బవరం మాట ఒప్పుకుంటాను. గాజువాక డెక్ మీద నా పట్టుదల అంతగా లేదు.

తాటిచెట్లపాలెం దగ్గర జాలారిపేట గారు చూపించిన చిక్కు కూడా నిజమే. దానికి విరుగుడు డెక్‌ను ఎన్‌ఏడీ దాకా పొడిగించడం. ఎన్‌ఏడీలో ఇప్పటికే రోటరీ ఫ్లైఓవర్ ఉంది. అక్కడ సిగ్నల్ కోసం ఆగే బాధ పోయింది. పైనుంచి వచ్చిన ప్రవాహాన్ని పెందుర్తి వైపు, గాజువాక వైపు విడదీసే చోటు అది.

జాలారిపేట

చిక్కుముడిని కొన్ని కిలోమీటర్లు ముందుకు తోస్తున్నారండీ. ఎన్‌ఏడీ వంతెన దాని సొంత ప్రవాహానికి కట్టినది. పైన ఇంకో 1800 పడితే?

ఒక్క సంగతి ఆలోచించండి. అదే ఐఆర్‌సీ 106 పట్టికలో ఆరు లేన్ల రోడ్డుకు రెండు అంకెలు ఉన్నాయి. పక్కన పార్కింగ్, గేట్లు, అడ్డంగా దాటేవాళ్లు లేకపోతే 5400. పార్కింగ్ లేకున్నా గేట్లు ఉంటే 4300. నాలుగు లేన్లకు 3600, 2900. రోడ్డు వెడల్పు మారలేదు, ఎడమ అంచు మారింది. ఆ అంచు వల్లే అయిదో వంతు సామర్థ్యం పోతోంది. ఆ 1100 పీసీయూను వెనక్కి తెచ్చుకోవడానికి ఎంత ఖర్చు, డెక్‌కు ఎంత ఖర్చు?

అంచును సరిచేయడం అంటే రంగు టైల్స్ పరచడం కాదు. నడిచే దారి 1.8 మీటర్లు, దుకాణాల ముందు 2.5 మీటర్లు, ఎక్కడా అడ్డం లేకుండా ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే వృద్ధులు ఎక్కలేరు, దుకాణదారు మెట్టు కడతాడు. గేటు వచ్చిన ప్రతిచోటా ఫుట్‌పాత్‌ను కిందికి దించకూడదు. వాహనమే చిన్న వాలెక్కి దాటాలి. దించితే వంద మీటర్లలో పదిసార్లు దిగి ఎక్కాలి, జనం రోడ్డు మీదే నడుస్తారు. చెట్లు, స్తంభాలు, కరెంటు పెట్టెలు రోడ్డు వైపు మీటరు పట్టీలో ఉండాలి. హుద్‌హుద్ తర్వాత భూగర్భ కేబుళ్లు వేసినప్పుడు తీగలు పోయాయి గానీ వాటి పెట్టెలు చాలాచోట్ల నడిచే దారిలోకి వచ్చాయి. తోపుడు బండ్లను తోలేయడం కూడా పరిష్కారం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం చోటు గుర్తించి ఇవ్వాలి. బస్సు స్టాపు వెనక, కూడలికి యాభై మీటర్లవతల గీత గీసి ఇస్తే వాళ్లకూ బేరం, రోడ్డుకూ ఊపిరి.

పార్కింగ్ లెక్క కూడా చూడండి. రోడ్డు వారగా వరసగా నిలిపితే కారుకు 6 మీటర్లు. వంద మీటర్లకు పదహారు కార్లు. పదహారు మంది కోసం ఒక లేన్ మొత్తం ఇస్తున్నాం. అదే వంద మీటర్లలో బైకులు 125 పడతాయి. జగదాంబ, డాబాగార్డెన్స్‌లో వీధిలో ఆపడం ఉచితంగా ఉన్నంతకాలం బహుళ అంతస్తుల పార్కింగ్ ఎన్ని కట్టినా కారు లోపలికి వెళ్లదు. వీధిలో గంటకు లోపలికన్నా ఎక్కువ రుసుము ఉండాలి.

పెంకుటిల్లు

భవనాల వైపు నుంచి రెండు మాటలు. రోడ్డును ఇరుకు చేసేది చాలావరకు మనం గీసే ప్లాన్లే.

బడి తీసుకోండి. వదిలే సమయంలో ఇరవై నిమిషాల్లో 300 వాహనాలు వస్తాయనుకుంటే నిమిషానికి 15. ఒక్కోటి నిమిషం ఆగితే ఒకేసారి 15 నిలబడాలి. ఒక్కోదానికి 6 మీటర్ల చొప్పున 90 మీటర్ల వరస. ఆ 90 మీటర్లు ఆవరణలో గీయకపోతే వీధిలో గీసినట్టే. పిల్లల్ని తరగతి నుంచి తెచ్చి వరసగా ఎక్కించే పద్ధతి పెట్టి, ఆగే సమయం అర నిమిషానికి దించితే 45 మీటర్లు చాలు. ఆసుపత్రి, కల్యాణమండపం, షాపింగ్ మాల్ దేనికైనా ఇదే లెక్క. గేటు ఎప్పుడూ రోడ్డు అంచు నుంచి ఆరు మీటర్లు లోపలికి ఉండాలి. సెల్లారు వాలు ఆ ఆరు మీటర్ల సమతలం తర్వాతే మొదలుకావాలి. లేకపోతే వాచ్‌మన్ గేటు తీసేదాకా కారు తోక రోడ్డు మీదే ఉంటుంది.

దీనికన్నా పెద్ద సంగతి మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది లేఅవుట్లు. ప్రతి లేఅవుట్‌కూ లోపల చక్కని నలభై అడుగుల రోడ్లు ఉంటాయి, బయటికి మాత్రం ఒకటే దారి, అదీ హైవే మీదికి. పక్క లేఅవుట్‌కు, రైతుబజారుకు, బడికి వెళ్లాలన్నా హైవే ఎక్కి యూటర్న్ తీసుకోవాలి. రెంటినీ వేరు చేసేది చాలాచోట్ల ఒక గెడ్డ (వాగు), లేదా ఒక ప్రహరీ. గెడ్డ మీద ఆరేడు మీటర్ల బాక్స్ కల్వర్టు వేస్తే రెండు కాలనీలు కలుస్తాయి. నీటిదారి వెడల్పు తగ్గించకూడదు. మధ్యలో పిల్లర్ పెడితే వానాకాలం చెత్త పట్టి ఎగువన ఇళ్లు మునుగుతాయి, కాబట్టి ఒకే స్పాన్ వేయాలి. ఇలాంటివి పదిహేను, ఇరవై చోట్ల కలిపితే హైవే మీద చిన్న ప్రయాణాలు లోపలికి మళ్లుతాయి. భోగాపురం విమానాశ్రయం వైపు ఊరు పెరుగుతుంది కాబట్టి ఆనందపురం దాకా ఖాళీగా ఉన్నప్పుడే ఈ కలిపే రోడ్లను మాస్టర్ ప్లాన్‌లో గీసి, లేఅవుట్ అనుమతికి షరతుగా పెట్టాలి. ఇళ్లు వచ్చాక ఒక్క గజం కూడా దొరకదు.

కంబాలకొండ

చర్చ డెక్ నుంచి పక్కకు జరుగుతున్నా, ఉపయోగకరంగా ఉంది కాబట్టి ఉంచుతున్నాను. సింగపూర్ 1975లో, లండన్ 2003లో చేసినట్టు నగరంలోకి వచ్చే కారుకు రుసుము పెట్టమని ఎవరైనా అనబోతే, ముందు ఫుట్‌బోర్డు గారి బస్సులు రావాలి. ప్రత్యామ్నాయం లేకుండా రుసుము పెట్టడం అన్యాయం.

ఎర్రమట్టి గారూ, కట్టేటప్పుడు ఏమవుతుందో మీరు చెప్పలేదు.

ఎర్రమట్టి

చెప్పాలి. స్తంభం కోసం రోడ్డు మధ్యలో 8, 9 మీటర్ల వెడల్పున బారికేడ్ పడుతుంది. ఆరు లేన్లలో రెండు పోతాయి. అందుకే పైలింగ్ యంత్రం రాకముందే సర్వీసు రోడ్లు సిద్ధం కావాలి. కాలువ మీద మూతలు బస్సు బరువు మోసేవి వేయాలి. ఇప్పుడున్నవి చాలావరకు మనుషులు నడవడానికి వేసినవే. స్టాపులు ముందే జరపాలి. నీటి గొట్టాలు, కేబుళ్లు ఎక్కడున్నాయో ట్రయల్ పిట్లు తవ్వి చూసుకోవాలి. అది చేయకపోతే ఒక గొట్టం పగిలి పదిరోజులు పని ఆగుతుంది, బారికేడ్ మాత్రం అక్కడే ఉంటుంది. గర్డర్లు రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున అయిదు మధ్యే ఎక్కించాలి.

మెట్రో ఒక్కటే కట్టినా ఈ బాధ తప్పదు. డెక్ చేరితే స్తంభం లావు, పని కాలం రెండూ పెరుగుతాయి. అది దాచను.

ఫుట్‌బోర్డు

ఇంకోటీ దాచకండి. డెక్ వస్తే మెట్రో ప్లాట్‌ఫారం ఇంకో ఏడు, ఎనిమిది మీటర్లు పైకి పోతుంది. మామూలుగా పన్నెండు, పదమూడు మీటర్లు ఉండేది ఇరవై అవుతుంది. ఆరంతస్తుల మేడ. ఎస్కలేటర్ పాడైన రోజు ఎక్కేదెవరు? మూడు, నాలుగు స్టేషన్ల దూరం వెళ్లేవాళ్లు షేర్ ఆటోనే ఎక్కుతారు. మెట్రోకు ప్రయాణికులు తగ్గితే దాని పక్కనే వేగంగా వెళ్లే కారు రోడ్డును మనమే కట్టి ఇచ్చినట్టు.

జాలారిపేట

ఫుట్‌బోర్డు గారి మాటకు చేర్పు. 2017 మెట్రో విధానం ప్రత్యామ్నాయాల విశ్లేషణను తప్పనిసరి చేసింది. ప్రయాణికుల అంచనాను డెక్ ఉన్నట్టు ఒకసారి, లేనట్టు ఒకసారి, రెండు రకాలుగా వేసి చూపించాలి. కింద రోడ్డు ఖాళీ అవుతుందని ఒక కాగితంలో, మెట్రో నిండుతుందని ఇంకో కాగితంలో రాస్తే ఆ రెండూ పొసగవు.

అయినా నేను పూర్తిగా వద్దనడం లేదు. హనుమంతవాక దగ్గర మీ వాదనకు బలం ఉంది. కొండల మధ్య గొంతులాంటి చోటు, ఆరిలోవ వైపు నుంచి బీఆర్‌టీఎస్ రోడ్డు వచ్చి కలుస్తుంది, పక్కదారి లేదు. ఎండాడ దాటాక ఎక్కి, వెంకోజీపాలెం ముందు దిగేలా ఒక ముక్క కడితే నేను అడ్డు చెప్పను. దిగే చోట సిగ్నల్ లేకుండా, రెండు లేన్లు నేరుగా వెళ్లేలా కింద మూడో లేన్ ముందే ఏర్పాటై ఉండాలి.

ఎర్రమట్టి

15 కిలోమీటర్లు నాలుగైదుకు దిగింది. మిగిలిన పొడవున స్తంభాలు, పైల్స్ భవిష్యత్తులో డెక్ మోసేలా వేసి ఉంచితే?

జాలారిపేట

వేసి ఉంచిన బలాన్ని తర్వాత ఎలా వాడతారు? మీరే అన్నారు, మెట్రో నడుస్తుండగా దాని కింద గర్డర్ ఎక్కించడం దాదాపు అసాధ్యమని. పైన మెట్రో వయాడక్ట్ (వంతెన) ఉంటే క్రేన్ చెయ్యి లేవదు. కింద రోడ్డు మూసి స్టేజింగ్ (తాత్కాలిక ఆధారాలు) కట్టి కాంక్రీటు పోయాలి.

ఎర్రమట్టి

స్తంభానికి ఇరువైపులా చేతుల్లాంటి బ్రాకెట్లు ఇప్పుడే పోసి ఉంచితే, తర్వాత చిన్న గర్డర్లను పక్కనుంచి జరుపుతూ కూర్చోబెట్టొచ్చు. నిదానం, ఖరీదు, కానీ అసాధ్యం కాదు. పైన అన్న నా మాటను ఆ మేరకు సరిదిద్దుకుంటున్నాను. అయితే బ్రాకెట్ ఎత్తు ఇప్పుడే తేలాలి, అంటే మెట్రో ఎత్తు కూడా ఇప్పుడే తేలాలి. ఫుట్‌బోర్డు గారు చెప్పిన ఆరంతస్తుల బాధ డెక్ కట్టకపోయినా ఉండిపోతుంది.

ఆకుపచ్చ దీపం

దీన్ని తేల్చే కొలత ఒకటుంది. హనుమంతవాక, మద్దిలపాలెం, గురుద్వార, తాటిచెట్లపాలెం. ఈ నాలుగు చోట్ల ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 8, పదిహేను నిమిషాల ముక్కలుగా, ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు తిరిగారో వాహనం రకంతో సహా లెక్కించాలి. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి, శనివారం ఒకటి. బడులు తెరిచి ఉన్న నెలలో, పండగ లేని వారంలో. దానికి తోడు నంబరు ప్లేటు కెమెరాలతో ఎండాడ దగ్గర కనిపించిన బండి తాటిచెట్లపాలెం దగ్గర ఇరవై, ముప్పై నిమిషాల్లో మళ్లీ కనిపించిందో లేదో పోల్చాలి. కనిపించినవి ఎంత శాతమో అంతే డెక్ చివరిదాకా వాడేవాళ్లు.

ఎర్రమట్టి

ఆ శాతం 40 దాటితే నా వాదన నిలుస్తుంది.

జాలారిపేట

20 దాటదని నా అంచనా. 40 దాటితే మీ పొడవుకు ఒప్పుకుంటాను, తాటిచెట్లపాలెం దిగుడు మార్చే షరతుతో.